గోదావరి డెల్టాలో గాలివానను గంట ముందుగా పసిగట్టడం ఎలా

తుపాను వస్తుందంటే గోదావరి డెల్టాలో మూడు నాలుగు రోజుల ముందే ఊరందరికీ తెలుస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిన నాటి నుంచి విశాఖపట్నంలోని తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్లు విడుదల చేస్తుంది, కాకినాడ రేవులో ప్రమాద సూచిక ఎగురవేస్తారు, లంక గ్రామాల్లో మైకు ప్రచారం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో విరుచుకుపడే గాలివానకు ఈ హంగు ఏదీ ఉండదు. మధ్యాహ్నం రెండింటికి ఎండ నిప్పులు చెరిగిన ఊళ్లోనే నాలుగున్నరకు కొబ్బరిచెట్లు కూలి, కరెంటు స్తంభాలు ఒరిగి, కల్లంలో ఆరబోసిన దాళ్వా ధాన్యం నీటిపాలవుతుంది. జిల్లా మొత్తానికి ఇచ్చిన హెచ్చరిక ఆ ఊరికి వర్తిస్తుందో లేదో చివరి గంట దాకా ఎవరూ చెప్పలేరు. ఆ చివరి గంటను చేతిలోకి తెచ్చుకోవడానికి కావలసిన సమాచారం మాత్రం ఇప్పుడు ప్రతి సెల్‌ఫోనులోనూ ఉచితంగా దొరుకుతోంది. ఏది, ఏ వేళకు, ఏ వరుసలో చూడాలో తెలియాలి. ముఖ్యంగా ఒక్క చిత్రాన్ని చూసి భయపడటమో ధీమాపడటమో మాని, వెంటవెంట వచ్చిన రెండు చిత్రాల నడుమ మబ్బు ఎంత కదిలిందో, ఎంత మారిందో చూడటం అలవాటు చేసుకోవాలి.

మబ్బు పుట్టే చోటు

మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా, అంటే నైరుతి రుతుపవనాలు వచ్చేదాకా, డెల్టాను దెబ్బతీసే గాలివానల్లో ఎక్కువ భాగం డెల్టాలో పుట్టినవి కావు. విదర్భ నుంచి తెలంగాణ మీదుగా తమిళనాడు దాకా ఆ కాలంలో తరచుగా ఒక ద్రోణి, అంటే గాలి పీడనం తక్కువగా ఉన్న పొడవాటి పట్టీ, సాగి ఉంటుంది. దానికి తూర్పున నేలకు దగ్గరగా బంగాళాఖాతం నుంచి తేమతో నిండిన గాలి వీస్తుంటే, పైన నాలుగైదు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచో వాయవ్యం నుంచో పొడిగాలి వస్తుంటుంది. కింద ఉక్కపోత, పైన పొడి చల్లదనం ఉన్న ఈ అమరికలో, మధ్యాహ్నపు ఎండకు వేడెక్కిన గాలి ఒక్కసారి పైకి లేచిందంటే పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు మేఘం పెరగడానికి గంట కూడా పట్టదు.

ఆ లేవడానికి కొండలు సాయపడతాయి. సత్తుపల్లి, అశ్వారావుపేట ప్రాంతాల్లో పుట్టిన మబ్బులు జంగారెడ్డిగూడెం మీదుగా తాడేపల్లిగూడెం, భీమవరం, పాలకొల్లు వైపు దిగుతాయి. పాపికొండల మీద, రంపచోడవరం, మారేడుమిల్లి మన్యంలో లేచినవి రాజమహేంద్రవరం, మండపేట, రామచంద్రపురం వైపు వస్తాయి. కాబట్టి ఈ మూడు నెలలు డెల్టావాసి చూపు మధ్యాహ్నం నుంచి వాయవ్య మూల మీద ఉండాలి.

రెండో సంగతి సముద్రపు గాలి. మధ్యాహ్నానికి తీరం నుంచి లోపలికి వచ్చే ఈ గాలి, లోపలి వేడిగాలిని ఎదుర్కొనే చోట ఒక సరిహద్దు ఏర్పడుతుంది. ఎండ బాగా కాసిన రోజున ఆ సరిహద్దు వెంట తీరానికి సమాంతరంగా చిన్న చిన్న తెల్ల మబ్బులు బారులు తీరి కనిపిస్తాయి. వాయవ్యం నుంచి వచ్చే గాలివాన తాలూకు చల్లగాలి ఈ గీతను తాకిన చోట కొత్త మబ్బులు భగ్గున లేస్తాయి. తణుకు దాకా వచ్చేసరికి నీరసపడినట్టు కనిపించిన వాన పాలకొల్లు దగ్గర మళ్లీ ఉగ్రరూపం దాల్చడానికి చాలాసార్లు కారణం ఇదే.

రుతుపవనాల కాలంలో లెక్క మారుతుంది. అప్పుడు పై గాలులు తూర్పు నుంచి వీస్తాయి, మబ్బులు నెమ్మదిగా కదులుతాయి, గాలి కంటే వాన ఎక్కువ. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పిడుగుల బెడద మళ్లీ పెరుగుతుంది.

ఉదయం పూట చూడవలసినవి

ఉదయం చేయవలసిన పని పది నిమిషాలకు మించదు. భారత వాతావరణ శాఖ వెబ్‌సైటులోనో ‘మౌసమ్’ యాప్‌లోనో జిల్లాలవారీ హెచ్చరిక రంగును చూడాలి. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండాలి, నారింజ అంటే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అంటే చర్య తీసుకోవాలి. అమరావతిలోని వాతావరణ కేంద్రం తెలుగులోనూ సూచనలు ఇస్తుంది. పసుపు రంగు ఉన్న రోజున జిల్లాలో ఒకటి రెండు మండలాలకే దెబ్బ తగలవచ్చు, మిగతా జిల్లాలో చినుకు కూడా పడకపోవచ్చు. అంతమాత్రాన హెచ్చరిక తప్పిందని కొట్టిపారేసేవారు గాలివాన స్వభావాన్ని తుపాను కొలతతో కొలుస్తున్నారని అర్థం.

కొంచెం లోతుగా చూడదలచినవారికి మచిలీపట్నం, విశాఖపట్నం కేంద్రాల నుంచి ఎగురవేసే బెలూన్ల సమాచారం ఉంది. ఉదయం, సాయంత్రం ఐదున్నర గంటల వేళకు సంబంధించిన ఈ కొలతలను అమెరికాలోని వయోమింగ్ విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. అందులో రెండు అంకెలు చాలు. మొదటిది ‘కేప్’, అంటే పైకి లేచే గాలికి వాతావరణంలో అందుబాటులో ఉన్న శక్తి. అది కిలోకు 2500 జౌళ్లు దాటితే మేఘం బలంగా పెరగడానికి ఇంధనం ఉన్నట్టే. మన తీరంలో మే నెలలో ఈ అంకె ఎక్కువగా ఉండటం సాధారణమే కనుక దీన్ని ఒక్కదాన్నే చూసి కంగారు పడనక్కరలేదు. రెండోది, నేల దగ్గరి గాలికీ ఆరు కిలోమీటర్ల ఎత్తులోని గాలికీ మధ్య దిశలోనూ వేగంలోనూ ఉన్న తేడా. ఈ తేడా సెకనుకు 20 మీటర్ల దాకా ఉన్న రోజున మబ్బు తనంత తాను తిరిగే అవకాశం ఉంటుంది, ఒకసారి పుట్టిన మబ్బు గంటల తరబడి బతుకుతుంది. తేడా స్వల్పంగా ఉన్న రోజున మబ్బు ఎంత పెద్దదైనా అరగంట, ముప్పావుగంటలో తన వానలో తానే చల్లబడి విడిపోతుంది. మన ప్రాంతంలో ఈ రెండో రకమే ఎక్కువ.

విండీ వంటి యాప్‌లు చూపించే రంగుల పటాలు కంప్యూటరు వేసిన అంచనాలే తప్ప ఆ క్షణాన ఆకాశంలో ఉన్నవాటి ఫొటోలు కావు. రేపు సాయంత్రం గాలివానకు అనువుగా ఉంటుందా అన్న ప్రశ్నకు అవి పనికి వస్తాయి. మన ఊరికి ఐదింటికి వస్తుందా అన్న ప్రశ్నకు పనికి రావు.

రాడార్ చిత్రాన్ని చదవడం

మధ్యాహ్నం రెండు గంటల నుంచి అసలు పని మొదలవుతుంది. డెల్టాను మచిలీపట్నం, విశాఖపట్నాల్లోని రెండు డాప్లర్ రాడార్లు, అంటే వానతోపాటు గాలి కదలికనూ కొలిచే రాడార్లు, చూస్తాయి. మచిలీపట్నం రాడార్‌కు భీమవరం సుమారు 55 కిలోమీటర్లు, నరసాపురం 65, అమలాపురం 100, రాజమహేంద్రవరం 115 కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. కాకినాడ మాత్రం మచిలీపట్నానికీ విశాఖపట్నానికీ ఇంచుమించు నడిమధ్యన పడుతుంది కనుక అక్కడివారు రెండు చిత్రాలనూ చూడటం మంచిది. ఒక రాడార్ మరమ్మతులో ఉన్న రోజున రెండోదే దిక్కు.

వాతావరణ శాఖ వెబ్‌సైటులో రాడార్ చిత్రం తెరవగానే ముందు దాని మీద ముద్రించిన సమయం చూడాలి. చాలా చిత్రాల మీద యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలమానం ఉంటుంది, దానికి ఐదున్నర గంటలు కలిపితే మన సమయం వస్తుంది. 10:10 అని ఉంటే మధ్యాహ్నం 3:40 అన్నమాట. సాధారణంగా పది నిమిషాలకొక చిత్రం తయారైనా వెబ్‌సైటులోకి రావడానికి ఆలస్యం కావచ్చు. ఇరవై నిమిషాల పాత చిత్రంలో మబ్బు కనిపించిన చోటికీ ఇప్పుడు అది ఉన్న చోటికీ పది పదిహేను కిలోమీటర్ల తేడా ఉండవచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో సమయం కత్తిరించి పంపే రాడార్ చిత్రాలకు ఏ విలువా లేదు. వాటిని చూసి బరకాలు కప్పినవాడూ, తీసినవాడూ ఇద్దరూ నష్టపోతారు.

అక్కడ అనేక రకాల చిత్రాలు ఉంటాయి కానీ కొత్తవారు ‘మ్యాక్స్ జెడ్’ అన్నదానితో మొదలుపెట్టాలి. ఇది మేఘంలోని చినుకులు, వడగళ్లు రాడార్ తరంగాన్ని ఎంత బలంగా తిప్పికొడుతున్నాయో చూపిస్తుంది. ఆ బలాన్ని డీబీజెడ్ అనే కొలతలో చెబుతారు. 30 లోపు మామూలు జల్లు, 40 దాటితే గట్టి వాన, 50 దాటితే తీవ్రమైన గాలివాన మబ్బు, 55 నుంచి 60 దాకా ఉంటే వడగళ్లు ఉండవచ్చు. ఏ రంగు ఏ అంకెకు చెందుతుందో పక్కనున్న పట్టీలో చూసుకోవాలి. ఈ చిత్రానికి పైనా, పక్కనా సన్నటి రెండు పట్టీలు కూడా ఉంటాయి, చాలామంది వాటిని అసలు చూడరు. మేఘం ఎంత ఎత్తుకు పెరిగిందో చెప్పేవి అవే. మే నెలలో మన దగ్గర నీరు గడ్డకట్టే చలి సుమారు ఐదు కిలోమీటర్ల ఎత్తులో మొదలవుతుంది. 50 డీబీజెడ్ రంగు ఆ పట్టీలో ఎనిమిది కిలోమీటర్లు దాటి పైకి పాకిందంటే ఆ మబ్బులో వడగళ్లు తయారవుతున్నాయని, అది కూలినప్పుడు గాలి బలంగా ఉంటుందని అనుకోవచ్చు.

ఇప్పుడు లెక్క. 3:40 చిత్రంలో ఎర్రటి ముద్ద జంగారెడ్డిగూడెం మీద ఉందనుకుందాం. 4:00 చిత్రంలో అదే ముద్ద ఆగ్నేయంగా 13 కిలోమీటర్లు జరిగి కనిపించింది. ఇరవై నిమిషాలకు 13 అంటే గంటకు సుమారు 40 కిలోమీటర్లు. జంగారెడ్డిగూడెం, తాడేపల్లిగూడెం, పాలకొల్లు పటంలో దాదాపు ఒకే గీత మీద ఉంటాయి. మొదటి ఊరి నుంచి రెండో ఊరికి తిన్నగా 42 కిలోమీటర్లు, అక్కడి నుంచి మూడోదానికి మరో 39. అదే వేగంతో అదే దారిన వస్తే ఆ వాన తాడేపల్లిగూడానికి పావు తక్కువ ఐదుకు, పాలకొల్లుకు ఐదూ నలభైకి చేరుతుంది. అయితే మబ్బు కింద నుంచి దూసుకొచ్చే చల్లగాలి వానకు ముందు పది పదిహేను కిలోమీటర్ల దూరంలో నడుస్తుంది. కాబట్టి గాలి ఈ సమయాల కంటే ఇరవై నిమిషాలు ముందే కొడుతుందని లెక్క వేసుకోవాలి. పాలకొల్లు రైతుకు నాలుగింటి చిత్రంతో చేతికి వచ్చిన వ్యవధి గంటా ఇరవై నిమిషాలు. ధాన్యాన్ని రాశి పోసి కప్పడానికి అది చాలుతుంది.

ఈ లెక్కను ప్రతి కొత్త చిత్రంతోనూ సరిచూసుకోవాలి, ఎందుకంటే మబ్బు కదలడం ఒకటైతే, ముందువైపు కొత్త మబ్బు పుట్టడం మరొకటి. 4:10 చిత్రంలో పాత ముద్దకు ముందు, విడిగా, కొత్త చుక్క ఒకటి పొడచూపి 4:20కి ఎర్రబడితే ఆ వాన నడుస్తున్నది కాదు, దూకుతున్నది. అంచనా వేసిన సమయంలో నుంచి అరగంట తగ్గించుకోవడమే మేలు. ముద్ద వెడల్పవుతూ రంగు పలచబడితే అది అలసిపోతోంది. ముద్దలన్నీ కలిసి ఒక బారుగా ఏర్పడి ఆ బారు నడుమ భాగం ముందుకు విల్లులా వంగితే మాత్రం ఆ వంపు ముందున్న ఊళ్లకు గట్టి ఈదురుగాలి ఖాయమని భావించాలి. నేను రాడార్‌లో అన్నిటికంటే ఎక్కువగా వెతికేది ఆ వంపు కోసమే. రంగు ఎంత ఎర్రగా ఉందన్నది దాని తర్వాతి మాట.

గాలి వేగాన్ని చూపే చిత్రం వేరుగా ఉంటుంది. అందులో సున్నాకు తక్కువగా ఉన్న అంకెలు రాడార్ వైపు వచ్చే గాలిని, ఎక్కువగా ఉన్నవి దూరంగా పోయే గాలిని సూచిస్తాయి. సెకనుకు మీటర్లలో ఉన్న అంకెను 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. ఇందులో ఒక పరిమితిని మరువకూడదు. రాడార్ కిరణం తిన్నగా పోతుంటే భూమి కిందికి వంగిపోతుంది కనుక, అర డిగ్రీ కోణంలో బయలుదేరిన కిరణం అమలాపురం చేరేసరికి నేలకు సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది, కాకినాడ దగ్గర రెండున్నర కిలోమీటర్ల ఎత్తున. అది చెప్పేది ఆ ఎత్తులోని గాలి గురించే, కొబ్బరి మట్టల ఎత్తులోని గాలి గురించి కాదు.

రాడార్ చిత్రంతోపాటు వాతావరణ శాఖ మూడు గంటలకు వర్తించే తక్షణ సూచనలను జిల్లాలవారీగా ఇస్తుంది. వాటిలో గాలి గంటకు 41 నుంచి 61 కిలోమీటర్లు అంటే మోస్తరు, 62 నుంచి 87 అంటే తీవ్రం, అంతకు మించితే అతి తీవ్రం. రాడార్ చదవడం రానివారు ఈ సూచన ఒక్కటి చూసినా సగం పని అయినట్టే.

పిడుగుల జాడ

2018 ఏప్రిల్ 24న పదమూడు గంటల వ్యవధిలో ఆంధ్రప్రదేశ్‌లో 36,749 పిడుగులు నమోదయ్యాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ యంత్రాంగం ప్రకటించింది. అంత విస్తారంగా పిడుగుల్ని లెక్కపెట్టగలుగుతున్నది నేల మీద అమర్చిన గ్రాహకాల వల్ల. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ రూపొందించిన ‘దామిని’ యాప్ అటువంటి సమాచారంతోనే పనిచేస్తూ, మనం ఉన్న చోటికి 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతున్నాయేమో చూపిస్తుంది. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ కూడా మండలాల పేర్లతో పిడుగుల హెచ్చరికలను ఫోన్లకు పంపుతుంది.

దామినిని రాడార్‌కు బదులుగా కాక, రాడార్ తర్వాత వాడాలి. వాయవ్యాన ఉన్న ముద్దలో పిడుగుల సంఖ్య పది నిమిషాల్లో ఒక్కసారిగా పెరిగిందంటే ఆ మబ్బులో గాలి బలంగా పైకి లేస్తోందని అర్థం, కొద్దిసేపటికి అది కింద కూడా తన బలం చూపిస్తుంది. ఫోను సిగ్నల్ పోయిన చోట పాత పద్ధతే గతి. మెరుపుకూ ఉరుముకూ మధ్య గడిచిన సెకన్లను మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో తెలుస్తుంది. ముప్పై సెకన్ల లోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది, తర్వాతి పిడుగు మన దగ్గర పడవచ్చు. ఆ తర్వాత చివరి ఉరుము విన్న క్షణం నుంచి అరగంట దాకా పొలంలోకి దిగకూడదు. వాన ఆగింది కదా అని గట్టు మీదికి వెళ్లినవారే పిడుగుపాటుకు గురికావడం ప్రతి ఏడూ వార్తల్లో చూస్తున్నదే.

కంటికి కనిపించే గుర్తులు

డెల్టా నేల చదునుగా ఉండటం మనకు కలిసివచ్చే విషయం. కాలువ గట్టు మీదో, ఏటిగట్టు మీదో నిలబడితే మబ్బు తల ఎనభై, వంద కిలోమీటర్ల దూరం నుంచే కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పై గాలి పడమటిది కావడంతో మబ్బు తల చదునై మన వైపే పరుచుకుంటుంది, అసలు మబ్బు రావడానికి గంట ముందే ఎండ పలచబడి సూర్యుడు పాలిపోతాడు. తల అంచులు పదునుగా, ఉడుకుతున్నట్టు కనిపిస్తే మబ్బు ఇంకా పెరుగుతోంది. అంచులు పీచులుగా చెదిరితే దాని పని అయిపోవచ్చింది.

దగ్గరికి వచ్చాక చూడవలసింది మబ్బు అడుగు భాగం. వానకు ముందు నల్లటి అరలాగా నేలకు సమాంతరంగా సాగిన మబ్బు కనిపిస్తే దాని కిందే ఈదురుగాలి అంచు ఉంది. ఆ వెనుక ఆకుపచ్చ ఛాయ ఉంటే వడగళ్లు ఉండవచ్చు.

ఇక కల్లం దగ్గర నిలబడ్డవారికి తెలిసేది ఇలా ఉంటుంది. మధ్యాహ్నం నుంచి దక్షిణం నుంచో ఆగ్నేయం నుంచో వీస్తున్న సముద్రపు గాలి మెల్లగా తగ్గి, ఒక దశలో పూర్తిగా నిలిచిపోతుంది. కొబ్బరి ఆకు కదలదు, ఉక్కకు చొక్కా వంటికి అంటుకుంటుంది. తర్వాత దూరాన దుమ్ము లేస్తుంది, తడిమట్టి వాసన తగులుతుంది, గాలి తిరగబడి వాయవ్యం నుంచి ఒక చల్లటి విసురు వస్తుంది. ఈ విసురు నుంచి పెనుగాలి దాకా ఉన్న వ్యవధి కొన్ని నిమిషాలే, ఒక్కోసారి అదీ ఉండదు. కాబట్టి గాలి తిరగబడటాన్ని హెచ్చరికగా కాక, చేస్తున్న పని వదిలి ఇంట్లోకి నడవమనే ఆజ్ఞగా తీసుకోవాలి.

టోర్నడో విషయం

అమెరికాలో ఏటా సగటున వెయ్యికి పైగా టోర్నడోలు వస్తాయి కనుక అక్కడ వాటికోసం ప్రత్యేక హెచ్చరికల వ్యవస్థ ఉంది, దేశమంతటా నూట యాభైకి పైగా డాప్లర్ రాడార్లు ఉన్నాయి. మనకు టోర్నడో హెచ్చరిక అంటూ విడిగా లేదు. ఉపఖండంలో అవి రావా అంటే వస్తాయి. 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లోని దౌలత్‌పూర్, సాటూరియా ప్రాంతాలను తుడిచిపెట్టిన టోర్నడోలో సుమారు 1300 మంది మరణించారని అంచనా. బెంగాల్ డెల్టాలో వేసవిలో పై గాలుల తేడా మనకంటే బలంగా ఉండటం అక్కడి తీవ్రతకు ఒక కారణం. గోదావరి డెల్టాలో అంతటివి అరుదు, కానీ బలహీనమైనవి, సముద్రం మీదా ఏటి మీదా ఏర్పడే నీటి సుడులు అసాధ్యం కావు.

ఎర్రటి ఎండలో, మబ్బు లేని ఆకాశం కింద, ఖాళీ పొలంలో దుమ్మును, ఎండుటాకులను ఎగరేస్తూ తిరిగే సుడిగాలికీ టోర్నడోకూ సంబంధం లేదు. మొదటిది నేల వేడికి నేల మీద పుట్టి నిమిషాల్లో పోతుంది. రెండోది గాలివాన మబ్బు అడుగు నుంచి నేల దాకా సాగి తిరిగే గాలి. వాన పడని వైపున మబ్బు అడుగు ఒక చోట కిందికి దిగి, నిలకడగా గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తే, దాని నుంచి తొండంలాంటిది వేలాడితే, లేదా తొండం పూర్తిగా కిందికి రాకపోయినా దాని కింద నేల మీద దుమ్ము తిరుగుతుంటే అది టోర్నడో కావచ్చు. అది పక్కకు జరుగుతున్నట్టు కాకుండా ఉన్నచోటే పెద్దదవుతున్నట్టు కనిపిస్తే మన వైపే వస్తోందని గ్రహించాలి.

మచిలీపట్నం రాడార్‌లో దాన్ని ముందే చూడలేమా అన్నది సహజమైన ప్రశ్న. రాడార్ కిరణం వెడల్పు ఒక డిగ్రీ అనుకుంటే వంద కిలోమీటర్ల దూరంలో అది ఒకటిన్నర కిలోమీటర్లకు మించి వెడల్పవుతుంది. వంద మీటర్ల వెడల్పున్న సుడి అందులో కనిపించదు. కనిపించగలిగింది దాన్ని మోసే పెద్ద మబ్బు తిరగడం మాత్రమే. వేగ చిత్రంలో వచ్చే గాలి రంగు, పోయే గాలి రంగు ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని వరసగా రెండు మూడు చిత్రాల్లో నిలిస్తే, మ్యాక్స్ జెడ్ చిత్రంలో ముద్ద చివర కొక్కెంలా వంగితే, ఆ మబ్బును మామూలు గాలివానగా చూడకూడదు. తుపాను తీరం దాటేటప్పుడు కూడా, అది పడమర దిశగా వస్తున్నప్పుడు కేంద్రానికి ఉత్తరపు వైపున ఉండే వాన పట్టీల్లో ఇటువంటి చిన్న సుడులు ఏర్పడవచ్చు. నరసాపురం దగ్గర దాటే తుపానుకు అది కోనసీమ, కాకినాడ వైపు. 1996 నవంబరు 6 నాటి తుపానును చూసిన తరం గాలి భయాన్ని దీపావళి ముందువెనుకల రోజులకే పరిమితం చేసుకుంది. చెట్టును కూల్చే గాలికి నెలతో పనిలేదు.

2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవిలో సుమారు యాభై వేల చెట్లు కూలాయి. బంగాళాఖాతంలోని వాయుగుండం కళింగపట్నం దగ్గరి తీరం వైపు వస్తున్న సమయం అది. అది టోర్నడోనా, మబ్బు నుంచి ఒక్కసారిగా నేలకు విరుచుకుపడి నలుదిక్కులకూ చిమ్మిన గాలా అన్న చర్చ నడిచింది. అటువంటి కూలుడు గాలి కూడా గంటకు వంద కిలోమీటర్లు దాటగలదు కనుక, గాలి వస్తున్న సమయంలో రెండింటికీ తేడా తెలియవలసిన అవసరం మనకు లేదు. తప్పించుకునే మార్గం రెండింటికీ ఒకటే.

ఏ వేళకు ఏమి చేయాలి

రాడార్‌లో ముద్ద వాయవ్యాన వంద కిలోమీటర్ల లోపు కనిపించి ఆగ్నేయంగా కదులుతోందని రెండు చిత్రాలు చెప్పగానే పొలం పనికి గడువు మొదలైనట్టే. ఆరబోసిన ధాన్యాన్ని రాశి చేసి బరకం కప్పి, అంచుల మీద ఇటుకలో ఇసుక బస్తాలో పెట్టాలి. గాలికి బరకం ఎగిరితే కప్పిన శ్రమ వృథా. రొయ్యల చెరువుల దగ్గర జనరేటరులో డీజిల్ చూసుకోవాలి, ఎందుకంటే గాలివానకు మొదట పోయేది కరెంటు, ఏరేటర్లు ఆగితే రాత్రికి నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది.

నది మీద ఉన్నవారికి గడువు ఇంకా తక్కువ. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర గాలివానలో చిక్కుకుని లాంచీ మునిగిపోయింది. వాన జల్లు కొడుతోందని తలుపులు మూసుకున్న ప్రయాణికులు లోపలే చిక్కుకుపోయారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కబోయేవారైనా, లంకకు నాటుపడవలో దాటేవారైనా, వాయవ్యం నల్లబడి ఉరుము వినిపిస్తుంటే ఒడ్డున ఆగడమే సరైన పని. వశిష్ఠ, గౌతమి పాయల వెడల్పు మీద గాలికి అడ్డేమీ ఉండదు.

ముద్ద ముప్పై కిలోమీటర్ల లోపుకు వస్తే మనుషులూ పశువులూ నీడకు చేరాలి. నీడ అంటే స్లాబు ఇల్లు. రేకుల షెడ్డు, తాటాకు పాక, ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గరి పందిరి నీడ కిందికి రావు. చెట్టు కింద, ముఖ్యంగా కొబ్బరిచెట్టు కింద నిలబడకూడదు, పశువులను దానికి కట్టకూడదు. ఇంట్లో కిటికీలకు దూరంగా, కింది అంతస్తులో, నడిమి గదిలో ఉండాలి. బోరు మోటారు, కుళాయి, ప్లగ్గులో ఉన్న ఫోను ముట్టకూడదు. పొలం మధ్యలో చిక్కుకుంటే పాదాలు రెండూ దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోవాలి, నేల మీద పడుకోకూడదు. పిడుగు తగిలిన మనిషి ఒంట్లో విద్యుత్తు నిలిచి ఉండదు, అతన్ని నిర్భయంగా ముట్టుకోవచ్చు. శ్వాస ఆగితే వెంటనే గుండె మీద ఒత్తిడి ఇస్తూ 108కి ఫోను చేయించాలి.

గాలి వెలిసిన తర్వాత

తెగిన తీగలు కనిపిస్తే దగ్గరికి పోకుండా 1912కు చెప్పాలి. ఇతర సాయానికి రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ నంబరు 1070.

ఆ సాయంత్రమే మరో పని చేయగలిగితే వచ్చే ఏటికి ఉపయోగపడుతుంది. ఒక నోటుపుస్తకంలో మొదటి ఉరుము వినిపించిన సమయం, గాలి తిరగబడిన సమయం, ఏ మూల నుంచి వచ్చింది, వడగళ్లు పడితే ఏ నాణెం సైజులో పడ్డాయి అన్నవి రాసుకోవాలి. ఆనాటి రాడార్ చిత్రాలను సమయంతో సహా ఫోనులో దాచుకోవాలి, తర్వాత అవి వెబ్‌సైటులో దొరకవు. కూలిన చెట్లను నరికి తీసేయకముందే వాటి తల ఏ దిక్కుకు పడిందో ఫొటో తీయాలి. అన్నీ ఒకే దిక్కుకు పడితేనో, ఒక చోటి నుంచి విసనకర్రలా విచ్చుకుని పడితేనో అది మబ్బు నుంచి నేలకు కూలిన గాలి. సన్నటి దారి పొడుగునా రెండు వైపుల చెట్లూ లోపలికి, ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి, దారి పక్కనే ఉన్న తోట చెక్కుచెదరకుండా ఉంటే తిరిగే గాలి అని అనుమానించాలి. ఆ ఫొటోలను తీసిన చోటు, సమయం రాసి అమరావతి వాతావరణ కేంద్రానికి పంపితే, రాడార్ కిరణం చూడలేని ఆ ఒకటిన్నర కిలోమీటర్ల కింద ఏం జరిగిందో వారికి తెలుస్తుంది.